ఆ మందును ఎలుకకు ఎప్పుడు ఇచ్చారు?

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల మా తెలుగు ఇళ్లలో కామెర్లు అనగానే నేల ఉసిరి పసరు తలపుకు వస్తుంది. కాలేయానికి మంచివని చెప్పే ఇటువంటి మూలికలకు ఈమధ్య "ఎలుకల మీద రుజువైంది" అన్న మాట కూడా తోడవుతోంది. ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) బోధించే వ్యక్తిగా, ఆ రుజువు ఎలా తయారవుతుందో వివరించడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఈ ప్రయోగాలలో కాలేయాన్ని దెబ్బతీయడానికి తరచుగా వాడేది మనందరి ఇళ్లలో ఉండే జ్వరం బిళ్ళ, పారాసెటమాల్. రాత్రంతా మేత పెట్టని చిట్టెలుకకు కిలో బరువుకు సుమారు 300 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే, కాలేయంలోని ఎంజైములు అందులో కొంత భాగాన్ని విషపదార్థంగా మారుస్తాయి. ఆ విషాన్ని అణచే గ్లూటాథయోన్ గంటలోపే చాలావరకు ఖర్చయిపోతుంది. మిగిలిన విషం కణాల ప్రోటీన్లకు అంటుకుని, కొన్ని గంటల్లోనే కణాలను చంపుతుంది. అమెరికాలో మిచెల్, జోలో, బ్రోడీల బృందం 1973లో ఈ క్రమాన్ని వెల్లడించింది. ఎంజైములను అడ్డుకునే పదార్థాన్ని ముందుగా ఇచ్చినప్పుడు కాలేయానికి నష్టం తగ్గింది. గ్లూటాథయోన్ తయారీకి పనికివచ్చే సిస్టీన్ ఇచ్చినప్పుడూ తగ్గింది. మొదటి సందర్భంలో విషం పుట్టలేదు, రెండవ సందర్భంలో పుట్టిన విషం అణగిపోయింది.

విషం పుట్టకుండా ఆపడం వేరు, పుట్టిన విషాన్ని అణచడం వేరు; చికిత్సలను పోల్చేవారు మరచిపోకూడని తేడా ఇదే. మూలికా సారాన్ని కొన్ని రోజులు ముందుగానే తాగించి, ఆ తర్వాత పారాసెటమాల్ ఇచ్చి, కాలేయం నిలిచిందని చెప్పే ప్రయోగం నివారణ గురించి మాత్రమే మాట్లాడుతుంది, ఎందుకంటే బిళ్ళలు మింగిన మనిషి ఆసుపత్రికి వచ్చేది మింగిన తర్వాతనే కదా! సారాన్ని కరిగించడానికి వాడే డీఎంఎస్ఓ ద్రావకం కూడా ఆ ఎంజైములను అడ్డుకుంటుంది. కాబట్టి ఒట్టి ద్రావకం ఇచ్చిన గుంపు పక్కన లేకపోతే, కాపాడింది మూలికా, ద్రావకమా అన్నది తేలదు. పైగా ప్రయోగశాలల్లో వాడే పెద్ద జాతి ఎలుకలు (ర్యాట్లు) ఈ విషాన్ని చిట్టెలుకల కంటే ఎంతో బాగా తట్టుకుంటాయి. వాటిలో కనిపించిన మేలును మనిషికి అన్వయించడం మరీ తొందరపాటు.

ఇక మనుషుల విషయానికి వస్తే, బ్రిటన్‌లోని ఎడిన్‌బరోలో ప్రెస్కాట్ అనే వైద్యుడు పారాసెటమాల్ ఎక్కువగా మింగినవారికి విరుగుడుగా మొదట సిస్టియమీన్ అనే మందు వాడారు, కానీ అది వాంతులతో రోగులను బాధించింది. తర్వాత శరీరంలో సిస్టీన్‌గా మారే ఎసిటైల్‌సిస్టీన్‌ను రక్తనాళం ద్వారా ఇచ్చి, 1979లో 100 కేసుల ఫలితాలు ప్రచురించారు. మింగిన పది గంటలలోపు చికిత్స అందిన 62 మందిలో ఒక్కరికే తీవ్రమైన కాలేయ నష్టం కలిగింది. పోలిక కోసం చూసిన, ఈ మందు లేకుండా ఇతర సంరక్షణ మాత్రమే పొందిన వేరే 57 మందిలో 33 మందికి కలిగింది. పూర్తి రక్షణకు హద్దు ఎనిమిది గంటలని తేలింది.

అందువల్ల కొత్త మందు ఏదైనా సరే, విషం ఇచ్చాక ఒక గంటకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు విడివిడిగా ఇచ్చి, ఎసిటైల్‌సిస్టీన్ ఇచ్చిన గుంపుతో పోల్చి చూపితేనే నేను దానిని చికిత్స అంటాను. మన వైపు ఎవరైనా ఎక్కువ బిళ్ళలు మింగితే, మొదటి రోజు మనిషి బాగానే కనిపించవచ్చు. అయినా పసరు కోసం తిరగకుండా వెంటనే బరంపురం వంటి చోట ఉన్న పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. ఖాళీ అట్టలు వెంట ఉంచుకుని, ఎన్ని గంటలకు మింగారో డాక్టరుకు తప్పక చెప్పండి. మింగిన నాలుగు గంటల తర్వాత తీసిన రక్తంలోని మందు స్థాయిని ఆ సమయంతో కలిపి చూసే చికిత్స అవసరమో కాదో నిర్ణయిస్తారు.