నవ్వని మనుషుల నడుమ 'డేవ్'

1964 నాటి 'రాముడు భీముడు' మొదలుకొని ఒకే పోలికలున్న ఇద్దరు తారుమారయ్యే కథల్లో ఆరితేరిన ప్రేక్షకులం కనుక, 1993లో వచ్చిన అమెరికన్ హాస్యచిత్రం 'డేవ్' కథ ఎటు పోతుందో మనకు ఇట్టే తెలిసిపోతుంది. అధ్యక్షుడు మిచెల్ పక్షవాతంతో మంచాన పడితే, అచ్చం ఆయనలాగే ఉండే డేవ్ కోవిక్ అనే సామాన్యుణ్ణి గుట్టుగా శ్వేతసౌధంలో కూర్చోబెడతారు. తెలిసిన కథే అయినా నేను దాన్ని పదే పదే చూడడానికి కారణం తారాగణం.

రెండు పాత్రలూ కెవిన్ క్లైన్‌వే. ఆయన ఎంత హుషారుగా ఆడినా అది వెకిలితనం కాకుండా నిలబడిందంటే, చుట్టూ ఉన్నవారెవరూ తాము హాస్యచిత్రంలో ఉన్నామన్న సంగతి తెలిసినట్టు నటించకపోవడమే కారణమని నా అభిప్రాయం. తెర వెనుక చక్రం తిప్పే బాబ్ అలెగ్జాండర్‌గా ఫ్రాంక్ లాంజెలా, ఏదో గంభీరమైన నాటకంలో ఉన్నట్టే మాట్లాడతాడు. డేవ్ స్నేహితుడైన అకౌంటెంటుగా చార్లెస్ గ్రోడిన్ మరీ ముచ్చటగా ఉంటాడు. నిరాశ్రయుల వసతికి కావలసిన 65 కోట్ల డాలర్ల కోసం ప్రభుత్వ పద్దులు తిరగేస్తూ, ఇలాంటి లెక్కలతో తన వ్యాపారమైతే ఏనాడో మూతపడేదని అతడు విస్తుపోయే తీరులో నిజమైన బాధ ఉంది.

అధ్యక్షుడి భార్యగా సిగోర్నీ వీవర్ మొదట్లో చూపిన పదును రెండో సగంలో కొంత తగ్గిందనే చెప్పాలి. మనకు గాంధీగా చిరపరిచితుడైన బెన్ కింగ్‌స్లీకి ఉపాధ్యక్షుడి వేషంలో పని చాలా తక్కువ. దర్శకుడు ఐవన్ రైట్‌మన్ నిజజీవితపు ప్రముఖులను కూడా వారి పేర్లతోనే తెర మీదికి తెచ్చాడు. వారిలో సినీ దర్శకుడు ఆలివర్ స్టోన్ టీవీలో కూర్చుని, ఈ అధ్యక్షుడు అసలువాడు కాడని వాదిస్తాడు. నిజం చెప్పిన ఆ ఒక్కడినీ ఎవరూ పట్టించుకోరు!

నాకు అందరికన్నా నచ్చినవాడు అంగరక్షకుడు డ్వేన్, అంటే వింగ్ రేమ్స్. అధ్యక్షుడి కోసం ప్రాణమిస్తావు కదా, మరి నా కోసం కూడా ఇస్తావా అని డేవ్ అమాయకంగా అడిగినప్పుడు, అతడి ముఖంలో ఒక్క గీత కూడా కదలదు. సెలవు తీసుకునే వేళ, ఇచ్చేవాణ్ణేనని ముక్తసరిగా చెబుతాడు. చివరి దృశ్యంలో డేవ్ అధ్యక్షుడు కాడు, కాపలా అక్కరలేని మామూలు మనిషి. అయినా డ్వేన్, డేవ్ ఉన్న గది ముందు పాత అలవాటు ప్రకారమే నిటారుగా నిలబడి ఉంటాడు.