రీఫ్ తాడు బిగుసుకున్న సాయంత్రం

తెరచాప పడవలో రాత్రంతా సాగే ప్రయాణం. రేవు దాటి తీరం కనుమరుగయ్యే సరికి గాలి 12 నాట్ల (గంటకు సుమారు 22 కిలోమీటర్ల) దగ్గర నిలకడగా ఉంది, పడవ కొద్దిగా ఒరిగి హాయిగా పోతోంది. సాయంత్రానికి గాలి 20 నాట్లకు చేరుతుందని వాతావరణ సూచన. వినడానికి పెద్ద తేడాలా అనిపించదు. కానీ చాప మీద ఒత్తిడి గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 12 నుంచి 20కి వెళ్తే ఒత్తిడి దాదాపు 2.8 రెట్లవుతుంది. అందుకే చీకటి పడకముందే రీఫ్ వేసేద్దామన్నారు మా కెప్టెన్ గారు. రీఫ్ వేయడమంటే పెద్ద చాపను కొంత కిందికి దించి, దిగిన భాగాన్ని బూమ్‌కి (చాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకొయ్యకి) బిగించి, చాప వైశాల్యం తగ్గించడం.

ఆ పడవలో ఒకే తాడుతో పని జరిగే ఏర్పాటు. తాడు పడవ నడిపేవాళ్లు కూర్చునే కాక్‌పిట్‌లోంచి బయల్దేరి తెరకొయ్య మొదట్లో ఉన్న కప్పీకి వెళ్తుంది. అక్కణ్ణుంచి పైకెక్కి చాప ముందంచు రింగులో దూరి, కిందికి దిగి, బూమ్ లోపలగా చివరిదాకా పోతుంది. మళ్లీ పైకెక్కి వెనకంచు రింగులోంచి వచ్చి బూమ్‌కి ముడిపడుతుంది. అలల్లో డెక్ మీదికి వెళ్లే పని తప్పుతుంది కాబట్టి నాకీ పద్ధతంటే ఇష్టం. కాకపోతే ఇన్ని మలుపుల్లో ప్రతిచోటా రాపిడే.

చాపను పైకెత్తి పట్టే తాడు హాల్యార్డ్ వదిలాం. చాప ముందంచు చక్కగా దిగింది. వెనకంచు మాత్రం బూమ్‌కి మూరెడు ఎత్తున ఆగిపోయింది. తాడును చుట్టి హ్యాండిల్‌తో బిగించే వించ్ దగ్గర తాడు ఇనపకడ్డీలా బిర్రుగా ఉంది. హ్యాండిల్ పట్టుకున్న మిత్రుడు "ఇంకో చుట్టు తిప్పనా?" అన్నాడు.

"వద్దు బాబూ, వదిలెయ్. ముందు పైకి చూడు" అన్నారు కెప్టెన్ గారు.

ఆ మాట విలువ వించ్ సంగతి తెలిస్తేనే అర్థమవుతుంది. 40 సైజు వించ్ మనం పెట్టే బలాన్ని, రాపిడి లెక్క పక్కన పెడితే, 40 రెట్లు చేస్తుంది. అంత బలంతో గుంజితే చాప చిరుగుతుంది, లేదా రింగు ఊడుతుంది. పైగా చిక్కు ఇంకా లోతుగా బిగుస్తుంది. చేతికి తెలియాల్సిన బరువు వించ్ వల్ల తెలియకుండా పోతుంది.

మొదట బూమ్‌ని కిందికి పట్టి ఉంచే వ్యాంగ్ వదులు చేశాం, బూమ్‌ని పక్కకు పోకుండా పట్టే తాడు మెయిన్‌షీట్ కూడా వదిలాం. బూమ్ పైకి లేవలేకపోతే వెనకంచు దిగిరాదు మరి. చాపలో గాలి పోయి రెపరెపలాడింది, తాడు జానెడు కదిలింది, మళ్లీ ఆగింది. దిగే చాపను బూమ్ మీదే ఉంచే లేజీ జాక్ తాళ్లకు ఏదీ తగులుకోలేదు. చాపను నిటారుగా నిలిపే బద్దలూ ఎక్కడా ఇరుక్కోలేదు.

అప్పుడు నీళ్లలో పడకుండా కాపాడే హార్నెస్ తగిలించుకుని తెరకొయ్య దాకా వెళ్లాను. చేత్తో తాడు తడుముకుంటూ పోయాను. వించ్ నుంచి కప్పీ దాకా బిర్రు. కప్పీ నుంచి ముందంచు రింగు దాకా అదే బిర్రు. రింగు దాటి బూమ్‌లోకి దిగే ముక్కను వేలితో నొక్కితే మెత్తగా వంగింది! బిగువు ఎక్కడ తెగిపోతే చిక్కు అక్కడే. దగ్గరికెళ్లి చూస్తే తాడులో ఒక మెలి రింగులోకి దూరి, దాంతోపాటు చాప మడతను కూడా నొక్కి పట్టుకుంది. మడత గట్టి గుడ్డ, మెలి పక్కకు జరగడానికి చోటే లేదు.

తాడు పూర్తిగా వదిలేయించి, హాల్యార్డ్ ఓ బెత్తెడు పైకి లాగమన్నాను. మడత జారింది. వేళ్లు రింగుకు దూరంగా పెట్టి మెలి విప్పాను. ఈసారి ముందు చేత్తోనే లాగాం, ఆఖరి బిగువుకు మాత్రమే వించ్ వాడాం. వెనకంచు బూమ్ మీదికొచ్చి కూర్చుంది. పడవ ఒరుగు తగ్గింది, చుక్కాని తేలికైంది. ఆ తేలిక చేతికి తెలిసినప్పుడు నాకెంత సంతోషమేసిందో!

రాత్రి 22 నాట్లు వీచింది, ఏ టెన్షన్ లేకుండా వంతులవారీగా నిద్రపోయాం.

పొద్దున ముందు చాప వంతు వచ్చింది. చుట్టేద్దామంటే, చాపను చుట్టే డ్రమ్ములోని తాడు కదల్లేదు. ఇది వేరే జబ్బు. చాప విప్పేటప్పుడు చుట్టే తాడుకు బిగువు లేకపోతే డ్రమ్ములో వదులుగా పడుతుంది, తర్వాతి చుట్టు ఆ వదులు చుట్ల కిందికి కూరుకుపోతుంది. చాపను కొంచెం బయటికి విప్పి, కూరుకున్న చుట్టును చేత్తో బయటికి తీస్తే పని అయిపోయింది. విప్పేటప్పుడు తాడును వించ్‌కి ఒక చుట్టు వేసి కొద్దిపాటి బిగువుతో వదలడమే దీనికి మందు.

రేవులో లంగరు వేశాక రీఫ్ తాడును కొస నుంచి కొస దాకా పరిశీలించాం. రింగు దగ్గర పైతొడుగు నూగులేచి ఉంది, లోపలి పోగులు మాత్రం బాగానే ఉన్నాయి. కొత్త తాడు కొసను పాత దాని కొసకు ఎదురెదురుగా కుట్టి, ముడి లేకుండా, పాతదాన్ని లాగుతూ బూమ్‌లోంచి కొత్తది రప్పించాం. మెలులు పోయేలా ముందే డెక్ మీద పొడవునా పరిచి ఉంచాం. హాల్యార్డ్ ఎంత దించాలో తెలిసేలా, తాడును జారకుండా పట్టే క్లచ్ దగ్గర రంగు దారంతో గుర్తు కుట్టాను. చీకట్లో వేలికి తగిలేలా కాస్త మందంగానే కుట్టాను.