తాత జుట్టులోని దూది

మా అమ్మమ్మ ట్రంకుపెట్టె అడుగున దొరికిన ఫొటో అది. వరంగల్ ఆజంజాహి మిల్లు గేటు ముందు ఆరుగురు కార్మికులు వరుసగా నిలబడ్డారు. ఎడమ నుంచి రెండో మనిషి మా తాత. ఏళ్ల తరబడి మడతపెట్టి ఉంచడంతో మడత దగ్గర కాగితం చిట్లి, తాత కాలర్ మీదుగా పక్కాయన చెంప దాకా తెల్లటి గీత పడింది. నిజాం కాలంలో, 1934లో పెట్టిన ఆ మిల్లు మూతపడి చాలాకాలమైంది. తాత అక్కడ పనిచేసిన రోజులకు మా ఇంట్లో మిగిలిన గుర్తు ఇదొక్కటే.

ముందు హనుమకొండలో ఒక స్టూడియోకు ఇచ్చాను. గీత పోయింది కానీ, దాంతోపాటు ముఖాలూ పోయాయి. అందరి చెంపలూ మైనం పూసినట్టు నున్నగా మారాయి. తాత చొక్కాకు ఎవరూ అడగని లేత నీలం రంగు వచ్చింది. అమ్మ ఒక్కసారి చూసి, ఫొటోను బోర్లించి పక్కన పెట్టింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఎన్ని రోజులు పట్టినా నేనే చేస్తానని.

కాశీబుగ్గలో ఒక జిరాక్స్ షాపులో 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేయించాను. నాలుగు అంగుళాలు బై ఆరు అంగుళాల ఫొటో 2400 బై 3600 పిక్సెళ్లు వచ్చింది. ఫొటోను తలకిందులుగా తిప్పి రెండోసారి కూడా చేయించాను. స్కానర్ అద్దం మీది దుమ్మయితే రెండో స్కాన్‌లో చోటు మారుతుంది, ఫొటోలోనే ఉన్న మచ్చ మారదు. తాత జుట్టులో, భుజాల మీద ఉన్న చిన్న చిన్న తెల్లచుక్కలు రెండింటిలోనూ అక్కడే ఉన్నాయి. అంటే ఫొటోకే పట్టిన మరకలు అనుకున్నాను.

ఫొటోలు దిద్దడానికి వాడిన సాఫ్ట్‌వేర్ జింప్. 1995లో ఇద్దరు బర్క్‌లీ విద్యార్థులు మొదలుపెట్టినది, నేటికీ ఉచితమే. నేను చూసిన పాఠంలో చెప్పేవారు టూల్స్ ఉండే పలకలో గాయానికి అంటించే ప్లాస్టర్ బొమ్మ నొక్కమన్నారు, అదే హీల్ టూల్ అట. నా పలకలో ఆ బొమ్మే లేదు. రబ్బరుస్టాంపు బొమ్మ ఒకటి మాత్రం కనిపించింది. ఒక సాయంత్రమంతా వెతకడంతోనే గడిచింది. 2020లో వచ్చిన 2.10.18 వెర్షన్ నుంచి ఒకే జాతి టూల్స్‌ను ఒకే గడిలో సర్దారు. ఆ పాఠం అంతకు ముందుది. స్టాంపు బొమ్మ కింది మూలన సన్నటి త్రికోణం ఉంది చూడండి, అది కింద ఇంకా టూల్స్ ఉన్నాయనడానికి గుర్తు. మౌస్ నొక్కి పట్టుకుంటే క్లోన్ కిందే హీల్ బయటపడింది. కీబోర్డు మీద హెచ్ నొక్కినా చాలు. ఇంకా మంచి దారి, ఫార్వర్డ్ స్లాష్ (/) మీట నొక్కితే ఒక వెతుకుడు పెట్టె వస్తుంది, అందులో టూల్ పేరు కొడితే చాలు. ఈ ఒక్క మీట మొదటే తెలిసి ఉంటే ఆ సాయంత్రం మిగిలేది. ఇంకోసారి పక్కనున్న ప్యానెళ్లన్నీ మాయమయ్యాయి. ట్యాబ్ మీట తగిలింది, మళ్లీ నొక్కితే వచ్చేశాయి.

అసలు ఫొటో మీద చెయ్యి పెట్టకుండా లేయర్‌కు, అంటే ఫొటో ఉన్న పొరకు, నకలు తీసి, దాని మీదే పని చేశాను. కంట్రోల్ పట్టుకుని బాగున్న చోట ఒకసారి క్లిక్ చేయాలి, తర్వాత చిట్లిన చోట బ్రష్ తిప్పాలి. హీల్ టూల్ అక్కడి నేతను (టెక్స్‌చర్‌ను) తెచ్చి, ఇక్కడి వెలుగునీడలకు తగ్గట్టు కలుపుతుంది. గేటు గోడ మీద, చెంప మీద అద్భుతంగా పనిచేసింది. బ్రష్ గీత కన్నా కొంచెమే పెద్దదిగా పెట్టుకుని చిన్న చిన్న ముక్కలుగా వెళ్లాను.

కాలర్ దగ్గర మాత్రం అది చేతులెత్తేసింది. తెల్ల కాలర్, నల్లటి మెడనీడ ఆనుకున్న చోట హీల్ చేస్తే నలుపు తెలుపులోకి కారి, మసి పూసినట్టయింది. అంచుల దగ్గర క్లోనే దిక్కు. అది ఉన్నదున్నట్టు దింపుతుంది, కలపదు. కాలర్ అంచు మీదే కాస్త పైన నమూనా తీసుకుని, అదే వాలులో కిందికి దింపాను. ఆ అరంగుళానికే గంటన్నర పట్టింది. ఆ తర్వాత తెల్లచుక్కలు తుడవడం పది నిమిషాల పని.

అమ్మను పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది. "అంతా బాగుందమ్మా, బాపు తలలో దూది ఏది?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. తాత నూలు వడికే విభాగంలో పనిచేసేవారట. షిఫ్టు దిగి ఇంటికి వస్తే జుట్టు నిండా, భుజాల మీద దూది నలకలు ఉండేవట. గడపలోనే కూర్చోబెట్టి అమ్మమ్మ దువ్వెనతో తీసేదట. నేను మరకలనుకుని తుడిచినవి అవే.

నకలు లేయర్ మీద చేశాను కాబట్టి కింద అసలు ఫొటో భద్రంగా ఉంది. జింప్ సొంత ఫైల్ రకమైన ఎక్స్‌సీఎఫ్‌గా దాచడంతో లేయర్లూ పోలేదు. పైలేయర్‌కు తెల్లటి మాస్క్ (నలుపు పూసిన చోట పైపొరను దాచే ముసుగు) పెట్టి, నల్లరంగు బ్రష్‌తో తాత జుట్టు మీద నెమ్మదిగా పూశాను. పూసినచోటల్లా కింది ఫొటో తేలింది, నలకలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. పక్కన కూర్చుని అమ్మ వేలు పెట్టి చూపించింది. 400 శాతం దగ్గరికి తెచ్చి చూస్తే తేడా నాకూ తెలిసింది. కాగితం చిట్లిన చోటు అంచులు కోసినట్టు ఉంటాయి, ఫొటోలో మరెక్కడా లేనంత తెల్లగా. దూది నలక అంచు మెత్తగా, చుట్టూ ఉన్న వెంట్రుకలంత మసకగా ఉంటుంది. తేడా తెలిశాక నిజమైన గీతలను మళ్లీ తెల్లబ్రష్‌తో మూసేశాను.

300 డీపీఐలో ఎనిమిది బై పన్నెండు అంగుళాల ప్రింట్ తీయించి, అమ్మమ్మ ఫొటో పక్కన గోడకు పెట్టాం. కుడి భుజం మీద ఒక చుక్క దూదో, దుమ్మో అమ్మకూ తేలలేదు. దాన్ని ఉంచేశాను.