పేటెంటు నా పేరు మీద, ఫోన్లన్నీ నాన్నకి

మా పేటెంటు గ్రాంటయింది. సంతోషమే, కానీ కోపం ఇంకా దిగలేదు. నాలుగు రోజులు ఆగితే నేనూ మర్యాదగా, అందరికీ థాంక్స్ చెబుతూ రాస్తాను. అలాంటిది చదివి ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

విజయవాడ ఆటోనగర్‌లో మాకు చిన్న టూల్ రూమ్ ఉంది. నాన్న డైలు, ఫిక్చర్లు చేస్తారు. నేను మెకానికల్ చదివి, కొన్నాళ్లు బయట ఉద్యోగం చేసి, తిరిగొచ్చి ఇక్కడే చేరాను. డిజైను, కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్ (వీఎంసీ) ప్రోగ్రామింగ్ నా పని. షూటింగ్ నేర్పే కోచ్ ఒకాయన ఎయిర్ రైఫిళ్ల రిపేర్లకి మా దగ్గరికి వస్తుంటారు. ఆయన తెచ్చిన ఒక మేగజైన్, అంటే రైఫిల్‌లో గుండ్లు పెట్టే డబ్బీ, దాని దగ్గర ఇదంతా మొదలైంది.

తుపాకీ అనగానే కంగారు పడకండి. ఇది గాలితో పనిచేసేది. గొట్టం లోపలి బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటకపోతే ఎయిర్ రైఫిల్‌కి ఆయుధ లైసెన్సు అక్కర్లేదని 2016 ఆయుధాల నియమాలు చెబుతున్నాయి. తూటాలు పేల్చే తుపాకుల సంగతి వేరు. 1959 ఆయుధ చట్టం ప్రకారం వాటి భాగాలు కూడా ఆయుధం కిందకే వస్తాయి. లైసెన్సు లేకుండా చేస్తే జైలే. ‘ఒక్క స్ప్రింగే కదా, ఒక్క ముక్కే కదా’ అంటూ డ్రాయింగ్ పట్టుకొచ్చేవాళ్లు ఆటోనగర్‌కి అప్పుడప్పుడు వస్తుంటారు. అలాంటి పనికి నాన్న గుమ్మంలోనే నమస్కారం పెట్టి పంపేస్తారు. మీరూ అదే చేయండి.

ఇక ఆ మేగజైన్ గురించి. గుండ్రటి డ్రమ్, దానికి 10 గదులు, వెనక చుట్ట స్ప్రింగు. రైఫిల్‌లో చేత్తో ముందుకూ వెనక్కూ జరిపే బోల్టుని ముందుకు నెడితే సన్నటి కడ్డీ ఒకటి గదిలోంచి సీసం గుండును బ్యారెల్‌లోకి తోస్తుంది. బోల్టు వెనక్కి లాగగానే స్ప్రింగు డ్రమ్‌ని తర్వాతి గదికి తిప్పుతుంది. తిరిగిన డ్రమ్ ఎక్కడ ఆగాలో చెప్పేది ఏమిటి? కోచ్ గారు తెచ్చిన దాంట్లో ఏమీ లేదు. తర్వాతి గుండే బాడీ అంచుకు తగిలి డ్రమ్‌ని ఆపుతోంది. స్ప్రింగు బరువంతా ఆ మెత్తటి సీసం మీదే. గుంటూరులో ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేసే నా స్నేహితురాలి ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద పెట్టి చూశాం. గుండు వెనక పల్చగా గొట్టంలా ఉండే అంచు ఒక పక్క నొక్కుకుపోయి, గుండ్రం కాస్తా కోలగా అయిపోయింది. ఆ గుండు సూటిగా ఎలా వెళ్తుంది? కోచ్ గారేమో పాపం పిల్లల్ని తిడుతున్నారు.

నేను పెట్టింది గోరంత స్టీలు లివరు. డ్రమ్ చుట్టూ ఉన్న గాడుల్లో పడి, భారం తను మోస్తుంది. గుండు ఊరికే గదిలో కూర్చుంటుంది. 10 గుండ్లూ అయిపోయాక గాడి ఉండదు కాబట్టి అదే లివరు పైకి లేచి కడ్డీకి అడ్డం నిలుస్తుంది. బోల్టు మూసుకోదు. ఖాళీ తుపాకీ పేల్చే అవకాశమే లేదు. ఒకే లివరు, ఒకే స్ప్రింగు, రెండు పనులు. దీన్ని గుర్తుపెట్టుకోండి, గొడవంతా దీని మీదే నడిచింది.

మాకు తెలిసిన అకౌంట్స్ ఆయన ‘డిజైన్ రిజిస్ట్రేషన్ చేయించుకోమ్మా, చవక’ అన్నారు. చవకే. కానీ అది చూపుకి కనిపించే రూపాన్ని కాపాడుతుంది, పనితీరుని కాదు. లోపల లివరు ఎలా పనిచేస్తుందన్నది 2000 డిజైన్ల చట్టానికి పట్టదు. సగం మంది చిన్న వర్క్‌షాపుల వాళ్లు అది తీసుకుని, పేటెంటు వచ్చేసిందని గోడకు ఫ్రేము కట్టించుకుంటున్నారు.

ఫైలింగ్ దాకా పెద్ద కథ లేదు. పాత పేటెంట్లని యూరప్ పేటెంట్ ఆఫీసు సైట్ ఎస్పాసెనెట్‌లో, మన ఆఫీసు సైట్ ఇన్‌పాస్‌లో వెతకడం ఉచితం. ఎఫ్41బి 11/54 అనే వర్గం కింద వెతికితే తిరిగే డ్రమ్ ఉన్న ఎయిర్ గన్ మేగజైన్లు బోలెడు దొరుకుతాయి. పేటెంట్ ఏజెంట్‌ని మాట్లాడుకున్నాం, బెంజి సర్కిల్ దగ్గర ఆఫీసు. పేరు రాయను. ఆంధ్ర అప్లికేషన్లు చెన్నై పేటెంట్ ఆఫీసుకి వెళ్తాయి, అంతా ఆన్‌లైనే. వ్యక్తి పేరు మీద వేస్తే అప్లికేషన్‌కి 1,600. త్వరగా ప్రచురించడానికి ఫారం 9, 2,500. త్వరగా పరీక్షించడానికి ఫారం 18ఎ, 8,000. ఈ చివరిది అందరికీ లేదు. స్టార్టప్‌లు, చిన్న పరిశ్రమలు, ఇంకా కొందరితో పాటు, దరఖాస్తుదారులంతా వ్యక్తులే అయి, వాళ్లలో ఒక్క మహిళ ఉన్నా ఇస్తారు. పేటెంట్ల చట్టం 35వ సెక్షన్ కింద దేశ రక్షణకు సంబంధించిందని అనుకుంటే ప్రచురణ ఆపేసే అధికారం పేటెంటు ఇవ్వాలో వద్దో తేల్చే కంట్రోలర్‌కి ఉందని ఏజెంటు బాగా భయపెట్టారు. మాది మామూలుగానే శుక్రవారం వచ్చే జర్నల్లో ప్రచురితమైంది.

ఇక్కడొక్క విషయం. అప్లికేషన్‌తో వేసే వివరణ పత్రం, అంటే స్పెసిఫికేషన్, 30 పేజీలు దాటితే పేజీకి 160 చొప్పున అదనం. అందుకని లివరు కొలతలు, గాడి కోణాలు, నాలుగో బొమ్మ వివరణ తీసేద్దామన్నారు ఏజెంటు. ‘ఇవన్నీ ఎందుకు మేడం, జనరల్‌గా ఉంటేనే బలం’ అని. నేను ఒప్పుకోలేదు. ఎన్ని పేజీలైతే అన్ని 160లు నేను కడతానని కూర్చున్నాను. ఎందుకు మంచిదైందో ముందు ముందు తెలుస్తుంది.

ఫారం 18ఎ వేసేటప్పుడు ఏజెంటు నాన్నతో నవ్వుతూ అన్న మాట: ‘మంచి పని చేశారు సార్, మేడం పేరు పెట్టారు కాబట్టి ఫాస్ట్‌గా అయిపోతుంది.’ నా ఆధార్ జిరాక్సు తీసుకుంటూనే అన్నారు. అంటే పని నాన్నది, పేరు మాత్రం రాయితీ కోసం నాదీ అని. ఫారం 5లో ఆవిష్కర్తగా నా పేరు వాళ్ల ఆఫీసే టైపు చేసింది. అయినా అంతే. నాన్న ‘పేరు పెట్టడమేంటండీ, తనే చేసింది’ అన్నారు. ఏజెంటు విన్నారు, తలూపారు, పక్కన పెట్టేశారు.

త్వరగా పని అవుతుందని ఏ సంబంధమూ లేని భార్య పేరో కోడలి పేరో ఇరికించే మహానుభావులు ఉన్నారు. వాళ్ల పుణ్యమే ఇదంతా. నిజంగా పనిచేసే ఆడపిల్ల వచ్చి కూర్చుంటే, ఆమెని కూడా ఆ లెక్కలోనే వేస్తారు.

తర్వాత మొదటి పరీక్షా రిపోర్టు వచ్చింది. అందరూ ఎఫ్ఈఆర్ అంటారు. జవాబుకి 6 నెలలు గడువు. ఇంకో 3 నెలలు పొడిగింపు అడగొచ్చు, డబ్బు కట్టి. చిన్న చిన్న అభ్యంతరాలు వదిలేయండి, క్లెయిముల్లో (ఇది మాది అని హక్కు కోరే వాక్యాల్లో) భాగాల పక్కన నంబర్లు వేయాలి, సారాంశం కుదించాలి, అలాంటివి. అసలు దెబ్బ కొత్తదనం దగ్గర కాదు, ఇన్వెంటివ్ స్టెప్ దగ్గర తగిలింది, అంటే పని తెలిసిన వాడికి సులువుగా తట్టనిదై ఉండాలన్న షరతు దగ్గర. డి1, డి2 అని రెండు పాత పత్రాలు చూపించారు. డి1 ఒక అమెరికా పేటెంటు, అందులో డ్రమ్‌ని ఆపే పాల్ (గాడిలో పడి పట్టుకునే చిన్న నాలుక) ఉంది. డి2 ఒక జర్మన్ పేటెంటు, అందులో ఖాళీ అయ్యాక అడ్డుపడే పిన్ను ఉంది. పని తెలిసిన వాడెవడైనా ఈ రెండూ కలిపేస్తాడు, ఇందులో మీ తెలివేముందని అడిగారు. పైగా 3(ఎఫ్) సెక్షన్ కూడా, తెలిసిన పరికరాల్ని పక్కపక్కన పేర్చడం ఆవిష్కరణ కాదని.

నిజం చెప్పాలంటే ఎగ్జామినర్ మీద నాకు కోపం రాలేదు. ఆ రెండు పత్రాలూ సరిగ్గా పట్టుకున్నారు. ఆ జర్మన్‌ది నాకు వెతుకులాటలో దొరకలేదు. నా అప్లికేషన్‌ని అంత శ్రద్ధగా చదివింది, మా ఏజెంటుతో సహా లెక్కేస్తే, ఆ ఒక్క మనిషే.

ఆ రిపోర్టు నా దాకా ఎలా వచ్చిందో వినండి. ఆఫీసు ఉత్తరాలన్నీ ఏజెంటు అడ్రసుకే వెళ్తాయి. వాళ్లు దాన్ని నాన్న వాట్సాప్‌కి పంపారు. నాన్న పీడీఎఫ్‌లు తెరవరు. ఆయన ఫోనులో మా ఇంటి పెళ్లిపత్రికలు కూడా తెరవకుండానే ఉంటాయి. తర్వాత జూనియర్ ఒకతను ఫోన్ చేసి ‘సార్, రిప్లై రెడీ, వేసేయమంటారా’ అన్నాడట. ‘మా అమ్మాయిని అడుగు బాబూ’ అన్నారట నాన్న. అతను నన్ను అడగలేదు, వేసేశాడు. అప్లికేషన్ ప్రచురితమయ్యాక అప్లికేషన్ నంబరు కొట్టి స్టేటస్, కాగితాలు ఎవరైనా పేటెంట్ ఆఫీసు సైట్‌లో చూసుకోవచ్చు. ఒకరోజు ఊరికే చూద్దామని కొడితే, రిపోర్టూ ఉంది, మా తరఫున వెళ్లిన జవాబూ ఉంది. భోజనానికి లేవబోతూ తెరిచాను. ఇక అన్నం సహించలేదు.

రెండు పేజీల నిండా వినయం. ‘దరఖాస్తుదారు సవినయంగా మనవి చేయునది ఏమనగా’ అన్న ధోరణి ఇంగ్లీషులో. మా మేగజైన్ చిన్నది, చవకైనది, వాడటానికి సులువైనది అని రాశారు. డి1లో పాల్ ఎక్కడుంది, అది దేన్ని తాకుతుంది, ఒక్క ముక్క లేదు. లివరు అనే మాటే ఒక్కసారీ లేదు. ఒకచోట ‘కార్ట్రిడ్జ్’ అని ఉంది! మా దాంట్లో కార్ట్రిడ్జ్ ఎక్కడిది? వేరే ఎవరి ఫైల్లోంచో తెచ్చి అతికించారు.

అలాంటి జవాబుకి ఏమొస్తుంది? హియరింగ్ నోటీసు వచ్చింది. ఈసారి నేనే సైట్‌లో చూసి వాళ్లకి ఫోన్ చేశాను. ‘అవునా మేడం, చూస్తాం’ అన్నారు.

హియరింగ్ వీడియోలోనే. మన ఇంట్లోంచి కూర్చోవచ్చు, కానీ ఏజెంటు వాళ్ల ఆఫీసుకే రమ్మన్నారు. వెళ్లాం. కెమెరా ముందు రెండు కుర్చీలు. ఒకటి ఆయనది. రెండోదాన్ని నాన్నకి చూపించి ‘మీరు ఇక్కడ కూర్చోండి సార్, టెక్నికల్‌గా ఏదైనా అడిగితే మీరు అందుకుంటారు. మేడం, మీరు అటు సోఫాలో రిలాక్స్ అవ్వండి’ అన్నారు. చేతిలో నా ఫైలు, ఒళ్లో సంచి. ఆ సంచిలో అక్రిలిక్‌తో ఐదింతలు పెద్దది చేసిన నమూనా. కనెక్షన్ అప్పుడే కలిసింది, గొడవ పెట్టుకునే టైము లేదు. సోఫాలో కూర్చున్నాను. నా జీవితంలో అంత చిన్నదాన్నై ఎప్పుడూ కూర్చోలేదు. ఆ ఆఫీసులో టీ తెచ్చిన అబ్బాయి కూడా ముందు నాన్నకిచ్చి, ఏజెంటుకిచ్చి, మిగిలింది నాకిచ్చాడు.

కంట్రోలర్ సూటిగా అడిగారు: డి1 పాల్, డి2 పిన్ను కలిపితే మీ మేగజైన్ వస్తుంది కదా, తేడా ఏమిటి? ఏజెంటు జవాబులోని వాక్యాలే చదవడం మొదలెట్టారు. అవి నా దగ్గర ఉన్నాయి, ఆ భాగం ఏం చేస్తుందో చెప్పండి అన్నారు కంట్రోలర్. ఏజెంటు నాన్న వైపు తిరిగి ‘సార్, ఎక్స్‌ప్లెయిన్ చేయండి’ అన్నారు.

నాన్న కెమెరా వైపు కూడా చూడలేదు. ‘నన్నడిగితే ఏం లాభమండీ? కనిపెట్టింది మా అమ్మాయి. నేను లేత్ మీద ముక్క తీసిచ్చాను’ అని తెలుగులోనే చెప్పి, లేచి, కుర్చీ నా వైపు తోశారు.

కూర్చున్నాను. నమూనా తీసి కెమెరా ముందు పెట్టి బోల్టు లాగాను. లివరు గాడిలో టక్కున పడింది. గుండును రెండు వేళ్లతో కదిపి చూపించాను, దాని మీద ఏ బరువూ లేదు. చివరి గది దాటాక అదే లివరు లేచి కడ్డీకి అడ్డం నిలిచింది. డి1నీ డి2నీ కలిపితే రెండు భాగాలు, రెండు స్ప్రింగులు అవుతాయి. డి1లో పాల్ ఉండే చోటే డి2 పిన్ను రావాలి, రెండూ ఆ మందంలో పట్టవు. పట్టించాలంటే రెండు పనుల్నీ ఒక్క ముక్కకే అప్పగించాలి. ఆ పని ఆ రెండు పత్రాల్లో ఎవరూ చేయలేదు, చేయమని సూచించనూ లేదు. ఇంగ్లీషులో తడబడకుండా చెప్పాను. నేను చదువుకునేటప్పుడు వైవాలో కూడా ఇంత హాయిగా చెప్పలేదు.

కంట్రోలర్ మళ్లీ అడిగింది ఒక్కటే: ఇది మొదట్లో వేసిన స్పెసిఫికేషన్‌లో ఎక్కడుంది? 59వ సెక్షన్ ప్రకారం మొదట చెప్పని కొత్త సంగతి తర్వాత చేర్చడానికి లేదు. నాలుగో బొమ్మ, దాని వివరణ, గాడి కోణాలతో సహా ఉన్నాయని పేజీ నంబరు చెప్పాను. ఏ పేజీలు? ఏజెంటు తీసేద్దామన్న పేజీలే. ఆయన అప్పుడు వాచీ చూసుకుంటున్నారు.

అది మొదటి క్లెయిములోకి తెచ్చి, రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. హియరింగ్ తర్వాత 15 రోజులు గడువుంటుంది. ఆ కాగితం నేనే రాశాను. డి1, డి2, మాది మూడు గళ్లు గీసి, ఏ భాగం ఏ పని చేస్తుందో పక్కపక్కన పెట్టాను. మైక్రోస్కోపు ఫొటోలు జత చేశాను, నొక్కుకుపోయిన గుండు, నొక్కుకుపోని గుండు. వాళ్లు చేసింది సంతకం పెట్టి అప్‌లోడ్ చేయడం.

మీరు వేసేటట్టయితే రెండు మాటలు. ఫారంలో మీ మెయిలూ, మీ ఫోనూ ఇవ్వండి, ఏజెంటుది మాత్రమే కాదు. నంబరు దగ్గర పెట్టుకుని వారానికోసారి సైట్ చూడండి. ఏ జవాబైనా మీరు చదవందే పంపకూడదని ముందే రాయించుకోండి, ఏజెంటు మీ మేనమామ అయినా సరే. పేజీకి 160 దగ్గర పిసినారితనం వద్దు. రెండన్నాను, నాలుగయ్యాయి, పర్లేదు.

ఇక ఖర్చులున్నాయి. 20 ఏళ్లు నిలవాలంటే మూడో ఏడాది నుంచి ఏటా రెన్యువల్ కట్టాలి. దాన్ని వాడుతున్నామో లేదో ఫారం 27లో చెప్పాలి, 2024 మార్పుల తర్వాత మూడేళ్లకోసారి చాలు.

గ్రాంటయిన సాయంత్రం ఏజెంటు ఆఫీసు నుంచి పూలగుత్తి బొమ్మతో మెసేజ్ వచ్చింది, నాన్న ఫోనుకి: ‘కంగ్రాచ్యులేషన్స్ సార్.’ దాని కిందే చివరి బిల్లు. అందులో ఒక పద్దు, హియరింగ్ తర్వాతి టెక్నికల్ డ్రాఫ్టింగ్ చార్జీలు. ఎవరు డ్రాఫ్ట్ చేశారో నా కంప్యూటర్‌లో ఆ ఫైలు తేదీలే చెబుతాయి. మిగతా పద్దులన్నీ కట్టేశాను. అదొక్కటీ కట్టలేదు, కట్టను. ఆ మాట ఈసారి నా ఫోను నుంచే పంపాను.