సగం ల్యాబు, సగం రచ్చబండ

మన కాలేజీలో నాకు జువాలజీ కన్నా తెలుగు క్లాసంటేనే ఇష్టం. అయినా ఈ సంచికకి రాయమంటే జువాలజీ మేష్టారే గుర్తొచ్చారు.

ఆయన మా బీజెడ్‌సీ బ్యాచ్‌ని టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్లారు. చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. కింద నిలబడితే రెట్ట కంపు, పైన పిల్లల గోల. మేష్టారు బైనాక్యులర్స్ చేతికిచ్చి ఊరుకోలేదు. ఆ పక్కింటాయన్ని పిలిచి, ఇంత కంపు ఎలా భరిస్తున్నారని మా ముందే అడిగారు. “ఇవి రాకపోతే వానల్లేవండి” అన్నాడాయన. పక్షి వల్ల వాన రాదని మాకు తెలుసు. ఆ నమ్మకం వల్లే ఆ గూళ్ల మీద ఎవరూ రాయి వెయ్యరని మాత్రం అక్కడికెళ్లాకే తెలిసింది. తిరిగొచ్చాక రికార్డుతో పాటు, చూసిందంతా ఇంట్లో పెద్దవాళ్లకి ఉత్తరంలా రాసి తెమ్మన్నారు. దానికి మార్కుల్లేవు కాబట్టి చాలామంది రాయలేదు. నేను రాశాను. మార్కుల్లేని పనులే నాకు బాగా వచ్చేవి.

మా డిగ్రీ అయిన ఏడాదే, 2010 జూలై 14న, సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. మనుషులు పోయారు. మాది పక్కనే కవిటి మండలం. ప్లాంటు పెడతామన్న చోటు బీల, అంటే చిత్తడి నేల. అది మాకు చేపలు, గడ్డి, పొలాలకు నీళ్లు. కాగితాల్లో అది పనికిరాని భూమి. పర్యావరణ అనుమతి చివరికి రద్దయింది గానీ, ఆ కాగితం అలా ఎందుకు తయారైందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. రాసినవాళ్లకి సైన్స్ రాక కాదు, అక్కడివాళ్లని అడగక.

ఆంధ్రా యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఎమ్మెస్సీ చేసి 2012లో అమెరికా వెళ్లాను. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ అనే ఊరు. 1911లో అడవుల చదువు కోసం పెట్టిన ప్రభుత్వ కాలేజీ, దాన్ని ఆనుకుని సిరక్యూస్ యూనివర్సిటీ. మేం అక్కడి క్లాసులకి కూడా వెళ్లేవాళ్లం. అక్కడి మంచు గురించి రాయను, శ్రీకాకుళం వాళ్లు ఎలాగూ నమ్మరు. పర్యావరణ సైన్సు, దాన్ని జనంతో మాట్లాడే విద్య, రెండూ కలిసిన కోర్సు. పొద్దున్న నీటి రసాయనం, స్టాటిస్టిక్స్. మధ్యాహ్నం ఇంటర్వ్యూ ఎలా చెయ్యాలి, ప్రజాభిప్రాయ సభ ఎలా నడపాలి, ప్రమాదం ఉందంటే జనం ఏది వింటారు, ఏది వదిలేస్తారు. “ఇంతకీ నువ్వు సైంటిస్టువా, విలేకరివా?” అని మా నాన్న ఫోన్‌లో అడిగేవారు.

ఆ ఊరిని ఆనుకుని ఒనొండాగా అనే సరస్సుంది. 1946 నుంచి 1970 దాకా ఒక రసాయన కర్మాగారం అందులోకి సుమారు 75 టన్నుల పాదరసం వదిలింది. నేను వెళ్లిన ఏడాదే అడుగు బురద తోడడం మొదలుపెట్టారు. బురదలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి, అక్కడి నుంచి మనిషిలోకి పోతుంది. ఏ చేప తినొచ్చో, ఎవరు తినకూడదో ప్రభుత్వం చెబుతూనే ఉంది. సరదాకి గేలం వేసేవాళ్లు చేపని మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారు, వాళ్లతో చిక్కు లేదు. కూర కోసం పట్టేవాళ్ల సంగతే చూడాలి. బర్మా నుంచి, భూటాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. అలాంటి ఇంటికి ఒక పేజీ రాయమని మాకు అసైన్‌మెంట్. పెద్ద చేప ఎందుకు ఎక్కువ ప్రమాదమో, కడుపుతో ఉన్నవాళ్లకి, పిల్లలకి ఎందుకు పెట్టకూడదో మొదటి నాలుగు లైన్లలో రావాలి. థీసిస్ రాయడం దీనికన్నా తేలిక.

షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో రాసిన వ్యాసంలో ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఉంది. అడుగున జనాన్ని మభ్యపెట్టడం, మధ్యలో అభిప్రాయం అడగడం, పైన నిర్ణయం వాళ్ల చేతికివ్వడం. ప్రాజెక్టుకి అనుమతిచ్చే ముందు పర్యావరణం మీద దాని ప్రభావం అంచనా వేసి, జనంతో సభ పెట్టాలనే మన 2006 ఈఐఏ నోటిఫికేషన్‌ని అందులో ఎక్కడ పెడతావని క్లాసులో అడిగారు. 30 రోజుల ముందు నోటీసివ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి, సభంతా వీడియో తియ్యాలి. జనం కాదంటే ఆగాలన్న నియమం మాత్రం లేదు. నాలుగో మెట్టు అన్నాను. దాని పేరు సంప్రదింపు.

ఇప్పుడు నా పని ఎక్కువగా ఉద్దానంలోనే, అంటే కవిటి, సోంపేట, మందస ఉన్న మా తీరప్రాంతంలోనే. కిడ్నీ జబ్బు మీద సర్వే చేసే బృందాలు ఊళ్లోకెళ్లి ఏం చెప్పాలి, ఫలితాలొచ్చాక ఎలా చెప్పాలి అన్నది చూస్తాను. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష క్రియాటినిన్. మా వైపు ఆ మాట చదువు రానివాళ్లకీ తెలుసు. మేకుకి తగిలించిన పాలిథిన్ కవర్లోంచి రిపోర్టులు తీసి, అప్పుడింత, ఇప్పుడింత అని వరసగా చెప్తారు. కారణమే తెలీదు. నీళ్లలో సిలికా అన్నారు, లోహాలన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా చాకిరీ అన్నారు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా అందరూ ఒప్పుకున్న కారణం లేదు. “ఇంకా తేలలేదు” అనడం సెమినార్‌లో నిజాయితీ. అదే మాట అరుగు మీద కూర్చుని చెప్తే తప్పించుకుంటున్నట్టుంటుంది.

మందస వైపు ఒక ఊళ్లో ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని ఒక ముసలమ్మ, “అన్నీ సరే గానీ తల్లీ, ఈ నీళ్లు తాగమంటావా, మానీమంటావా? అదొక్కటీ సెప్పు” అంది. వాళ్లింట్లో కూలి డబ్బుల్లోంచి నీళ్ల క్యాను కొంటున్నారు. కారణం తేలేదాకా చెయ్యగలిగినవి చెప్పాను. షాపులో అడిగి నొప్పి మాత్ర మింగొద్దు, ఎండలో పనికెళ్తే నీళ్లు తీసుకెళ్లాలి, ఒంట్లో బానే ఉన్నా బీపీ, క్రియాటినిన్ చూపించుకోవాలి, ఎందుకంటే ఇది ముదిరేదాకా బయటపడదు. ఆవిడ క్యాను సంగతి మళ్లీ అడిగింది. కొనగలిగితే కొనుక్కో, దానికోసం అప్పు మాత్రం చెయ్యకు అన్నాను. 2023 చివర్లో హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్ల పథకం ప్రారంభమయ్యాక ఆ ప్రశ్న కొంచెం తగ్గింది. పేపర్లో భయపెట్టే హెడ్డింగు పడ్డప్పుడల్లా మా ఊళ్ల పిల్లలకి సంబంధాలు వెనక్కిపోవడం మాత్రం తగ్గలేదు. అందుకే ఫలితాలు ముందు ఊరికి చెప్పాలి, తర్వాతే ప్రెస్‌కి అని ప్రతి బృందంతోనూ గొడవపడతాను.

ఈ చదువు చదవాలనుకునే జూనియర్లకి: రెండూ కలిసిన కోర్సు దొరక్కపోతే ఎమ్మెస్సీ తర్వాత జర్నలిజం చదవండి. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ పడొద్దు, కానీ ఎగ్గొట్టనూ వద్దు. ఎందుకు చదవాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో రాసిచ్చే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ భూతాపంతో మొదలుపెట్టకండి, అందరూ అదే రాస్తారు. మీ ఊరి చెరువు గురించి రాయండి. నాకు పంపితే చదివి దిద్ది ఇస్తాను, నవంబర్‌లోపు పంపండి.