సీలియాక్ టెస్టుకు ముందు గోధుమ మానకండి: నా అనుభవం

గోధుమ మానేసి ఏడాదైంది, మొన్న శనివారం ఆ రిపోర్టు చేతికొచ్చింది. సీలియాక్ జబ్బును రక్తంలో పట్టిచ్చే టీటీజీ యాంటీబాడీ నార్మల్‌కి దిగింది. హిమోగ్లోబిన్ 12.2. మూడేళ్ల కిందట 7.1తో మెట్లెక్కలేక స్కూలు వరండాలో స్తంభం పట్టుకుని నిలబడిపోయిన మనిషిని నేను. ఈ సంతోషం చల్లారకముందే, నన్ను నవ్వులపాలు చేసిన ఒక డాక్టరు మీద కోపం కూడా చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

నాకున్నది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. అది లోపలికి వెళ్తే మన రోగనిరోధక వ్యవస్థే తిరగబడి చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. గోధుమ అలర్జీ వేరు, ఇది వేరు. దీనికి మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. ఢిల్లీ, పంజాబ్, హర్యానా వైపు సుమారు నూటికి ఒకరికి ఉంటుంది. మనవైపు చాలా తక్కువ. మనం అన్నం తినేవాళ్లం కావడమే అందుకు ముఖ్య కారణమంటారు. మా ఇంట్లో మాత్రం ఎనిమిదేళ్ల కిందట మా ఆయనకు షుగర్ వచ్చినప్పట్నుంచి రాత్రిళ్లు అందరికీ చపాతీలే. ఒక్కదాని కోసం వేరే ఏం వండుకుంటానని నేనూ అవే తిన్నాను.

మొదటి ఏడాదిన్నర గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రక్తం తక్కువ, నోట్లో పుళ్లు, పొద్దున్నే మూడు నాలుగు సార్లు విరేచనాలు, 58 కేజీల దాన్ని 47కి వచ్చాను. ఐరన్ మాత్రలు, తర్వాత రెండుసార్లు ఐరన్ ఎక్కించడం, గర్భసంచి స్కానింగు. "ఆడవాళ్లకు ఇది మామూలేనమ్మా" అన్న మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు.

ఆ రోజుల్లో మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ సిరిధాన్యాల మీద పడ్డారు. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు. నేనూ మొదలుపెట్టాను, చపాతీలు మానేశాను. రెండు నెలలకే విరేచనాలు కట్టాయి. ఏడు నెలలకి హిమోగ్లోబిన్ పదికి వచ్చింది. సిరిధాన్యాల మహిమే అనుకున్నాను. నిజానికి తిన్నదాని వల్ల కాదు, మానేసినదాని వల్ల బాగుపడ్డానని నాకప్పుడు తెలియదు. మా పిన్ని కూతురి పెళ్లిలో మూడు రోజులు పూరీ, ఉప్మా, రవ్వకేసరి తిన్నాక మళ్లీ మంచం పట్టాను. అప్పుడు తట్టింది, ఇది గోధుమ పనేమోనని.

ఊళ్లో పేరున్న కడుపు డాక్టరు దగ్గరికి వెళ్లాం. పెళ్లి అయిపోయి నెల దాటింది, నేను మళ్లీ కొర్రన్నంలోనే ఉన్నాను. "గోధుమ తింటే వస్తోందండీ" అని నేనే చెప్పాను. ఆయన టీటీజీ టెస్టు రాశారు. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది, నార్మల్. కాగితం బల్ల మీద పడేసి, నన్ను కాదు, మా ఆయన్ని చూసి మాట్లాడారు.

"ఏం లేదండీ. మేడమ్ ఏం చేస్తుంటారు?"

"బయాలజీ టీచరండీ."

"అదీ సంగతి. సగం చదువుకున్నవాళ్లతోనే మాకు కష్టం. మేడమ్, యూట్యూబ్ కాస్త తగ్గించండి."

పక్కన ఇద్దరు చిన్న డాక్టర్లు, ఒక నర్సు ఉన్నారు. ముగ్గురూ నవ్వారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆయన, "చూశారా, యాంగ్జైటీ" అని రాత్రి వేసుకోమని ఒక మాత్ర రాశారు. ఇరవై రెండేళ్లుగా జీర్ణవ్యవస్థ పాఠం చెబుతున్నదాన్ని నేను. ఆ గదిలోంచి బయటికొచ్చేసరికి నా కడుపు గురించి నాకే తెలియదన్నంత స్థితికి వచ్చాను. వచ్చేదారిలో మా ఆయన కూడా, "పెద్ద డాక్టరు చెప్పాడు కదా, వేసుకుని చూడు" అన్నారు. ఆ మాట నాకు డాక్టరు మాట కన్నా ఎక్కువ గుచ్చుకుంది. నెల రోజులు ఆ మాత్ర వేసుకుని తరగతి గదిలో తూలాను.

ఆ డాక్టరు ఒక్క ప్రశ్న అడిగుంటే సరిపోయేది. "ఇప్పుడు మీరు గోధుమ తింటున్నారా?" అని. ఈ యాంటీబాడీలు గ్లూటెన్ తింటుంటేనే ఒంట్లో తయారవుతాయి. మానేస్తే నెలల్లో తగ్గిపోతాయి. తిననిమనిషికి టెస్టు చేసి జబ్బు లేదనడం, పూడ్చేసిన బావిలోకి చేద వేసి నీళ్లు లేవన్నట్టు ఉంటుంది.

ఆ ప్రశ్న నన్ను అడిగింది ఎవరో తెలుసా? మా హిందీ మేడమ్ గారబ్బాయి, ఎంబీబీఎస్ మూడో ఏడు. సంక్రాంతి సెలవులకొచ్చి వాళ్లమ్మతో మా ఇంటికి పిండివంటలు ఇవ్వడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడే, "ఆంటీ, టెస్టు నాటికి చపాతీ తింటున్నారా?" అన్నాడు. అంతే.

వాడి మాట పట్టుకుని విశాఖ వెళ్లాం. అక్కడి డాక్టరు గారు ముప్పావు గంట కూర్చోబెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం తింటానో రాసుకున్నారు. ముందు హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యువుల పరీక్ష చేయించారు. అవి లేకపోతే ఈ జబ్బు దాదాపు ఉండదు, ఉన్నంతమాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు. నాకు డీక్యూ2 ఉంది. అప్పుడాయన, "అమ్మా, కష్టమే. కానీ మీరు రోజూ రెండు చపాతీలు ఆరు వారాలు తినాలి. తర్వాత టెస్టు, ఎండోస్కోపీ" అన్నారు.

ఆ ఆరు వారాలు ఎలా గడిచాయో చెప్పకుండా ఉండలేను. రాత్రి ఎనిమిదింటికి కంచంలో రెండు చపాతీలు. మొదటి నాలుగు రోజులు ఏమీ కాలేదు. నాలో అనుమానం మొదలైంది, ఆ మొదటి డాక్టరే నిజమేమోనని. ఐదో రోజు తెల్లవారుజామున మొదలైంది. స్కూలు మా ఇంటికి 26 కిలోమీటర్లు, బస్సులో గంట. పొద్దున ఏమీ తినకుండా, మంచినీళ్లు కూడా తాగకుండా బస్సెక్కేదాన్ని.

మూడో వారంలో ఒకరోజు సగం దారిలో ఇక ఆగలేకపోయాను. ఏ ఊరో కూడా చూసుకోలేదు. "ఆపండి" అని అరిచి దిగిపోయాను. రోడ్డు పక్క పెంకుటిల్లు. వాకిట్లో ఒక పెద్దావిడ మినుములు చెరుగుతోంది. "అమ్మా, ఒక్కసారి బాత్రూమ్" అనేసరికే నా చీర తడిసిపోయింది. ఆవిడ చేట పక్కన పెట్టి, నా చేయి పట్టుకుని పెరట్లోకి నడిపించింది. బకెట్‌తో నీళ్లు తెచ్చిపెట్టింది. కాసేపటికి తలుపు సందులోంచి ఒక చీర, లంగా లోపలికొచ్చాయి. ఉతికిన నేత చీర, నీలం అంచు, పైట దగ్గర చిన్న చిరుగు కుట్టి ఉంది. బయటికొచ్చాక అరుగు మీద కూర్చోబెట్టి ఉప్పేసిన మజ్జిగ ఇచ్చింది. పేరడగలేదు, జబ్బేంటని అడగలేదు. "స్కూలుకి ఈరోజు మానెయ్యమ్మా" అంది, అంతే. నేను ఏడ్చిన ఏడుపు ఆ అరుగుకే తెలుసు. తర్వాత చీర ఉతికి, కొత్త చీర ఒకటి కలిపి తీసుకెళ్లి ఇచ్చాను. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే దిగి పలకరిస్తాను.

ఆ రాత్రి నుంచి మా ఆయన నా కంచంలో చపాతీ వేయలేకపోయారు. "మానెయ్, టెస్టు లేకపోతే లేకపోయింది" అన్నారు. నేనే వడ్డించుకుని తిన్నాను. కాగితం మీద రుజువు లేకపోతే రేపు ఇంట్లోవాళ్లే "కొంచెం తింటే ఏం కాదులే" అంటారని నాకు తెలుసు.

ఎండోస్కోపీ ఏముంది, గొంతులో స్ప్రే, పది నిమిషాలు, చిన్నపేగు నుంచి ఆరు చిన్న ముక్కలు తీశారు. టీటీజీ ఈసారి ల్యాబు హద్దుకి పన్నెండింతలు. ఆ ముక్కల పరీక్షలో, అంటే బయాప్సీలో, పేగు ఎంత దెబ్బతిందో చెప్పే మార్ష్ లెక్కలో 3బి. ఏటా పదో తరగతి బోర్డు మీద వేళ్లలా వరసగా గీసే ఆంత్రచూషకాలు నా పేగులో అరిగి మొండిగా అయిపోయాయని ఆ కాగితంలో ఉంది. నాకు బాధ కలగాలి కదా? నేను ఆ ఆసుపత్రి కారిడార్లో మా ఆయన చేతిలో రిపోర్టు పెట్టి, "చదవండి, గట్టిగా చదవండి" అన్నాను. చదివారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు పిల్లలకు ఆ పాఠంలో విలెమ్ డికె గురించి కూడా చెబుతున్నాను. నెదర్లాండ్స్ పిల్లల డాక్టరు. 1944-45 చలికాలంలో అక్కడ కరువొచ్చి రొట్టె దొరక్కుండా పోయింది. ఊరంతా తిండిలేక చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు కోలుకున్నారు, రొట్టె మళ్లీ వచ్చాక మళ్లీ పడిపోయారు. ఆయనకు ముందునుంచే ఉన్న అనుమానం దాంతో గట్టిపడింది. రోగి ఏం తింటున్నాడో చూడటం అంత పెద్ద విద్య. దాన్ని వదిలేసి రోగిని నవ్వులపాలు చేసేవాళ్లని నేను క్షమించలేను.

ఇక తిండి సంగతి. మనవాళ్లకి ఇది ఉత్తరాది వాళ్లంత కష్టం కాదు. అన్నం, పప్పు, ఇడ్లీ, పెసరట్టు, గారెలు, జొన్నరొట్టె, రాగిసంకటి అన్నీ మనవే. గ్లూటెన్ ఫ్రీ పేరుతో అమ్మే బిస్కెట్లు, బ్రెడ్డు నేను కొనను, ఆ రేటుకి నెల బియ్యం వస్తాయి. కొనేవాళ్లు మాత్రం ఫుడ్ సేఫ్టీ నిబంధన గుర్తుపెట్టుకోండి, కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు, అప్పుడే ఆ పేరు వేయాలి. బొంబాయి రవ్వ, సేమియా, మైదా అన్నీ గోధుమేనని ఇంట్లో అందరికీ చెప్పండి. మా అత్తయ్యకి రవ్వ గోధుమదని నమ్మించడానికి నాకు వారం పట్టింది.

నన్ను దెబ్బకొట్టింది ఇంగువ. అన్నీ మానినా మూడు నెలల టెస్టులో టీటీజీ అనుకున్నంత దిగలేదు. ఒక ఆదివారం వంటింట్లో డబ్బాలన్నీ దించి, ఫోన్‌లో పెద్దది చేసుకుని ఒక్కో అక్షరం చదివాను. ఇంగువ డబ్బా వెనకాల, చీమంత అక్షరాల్లో, మొదటి పదమే గోధుమ పిండి. చారులో, పులిహోరలో, మాగాయలో, రోజూ చిటికెడు చిటికెడుగా తింటూనే ఉన్నాను. బియ్యప్పిండి కలిపినవి కూడా దొరుకుతాయి, చూసి కొనండి. రెండోది పిండిమర. ముందువాళ్ల గోధుమలు ఆడించిన మరలోనే మన బియ్యం పోస్తారు. "ముందు కాస్త బియ్యం వేసి తిప్పి పారేయ్ బాబూ" అంటే ఆ మరబ్బాయి మొహం మాడ్చుకున్నాడు. అప్పట్నుంచి బియ్యం నానబెట్టి, ఆరబెట్టి మిక్సీలోనే పడుతున్నాను. హోటల్లో పూరీలు వేయించిన నూనెలో గారె వేస్తారు, నేను తినను.

అన్నిటికన్నా కష్టమైంది మా ఆడపడుచు గృహప్రవేశం. సత్యనారాయణ వ్రతం, అన్నవరంలోలాగే గోధుమ నూక ప్రసాదం. ప్రసాదం తినకుండా వెళ్లి తుంగధ్వజుడు కష్టాలపాలైన కథ పంతులుగారు అప్పుడే చదివి లేచారు. నేను ఆకు దొప్ప అందుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్న మా అబ్బాయికి ఇచ్చాను. "దేవుడి ప్రసాదానికి కూడా జబ్బేనా?" అంది మా ఆడపడుచు అందరి ముందూ. నేను నోరు తెరవకముందే మా ఆయన, "వదిలెయ్ అక్కా. ఆ స్వామికి తెలుసు ఆవిడేం పడిందో" అన్నారు. మరుసటి పౌర్ణమికి మా ఇంట్లో వ్రతం చేసుకున్నాం. బియ్యపు నూకతో, బెల్లం, నెయ్యి, యాలకులు వేసి ప్రసాదం నేనే చేశాను.

ఇంకో పని మిగిలింది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో పదిమందిలో ఒకరి దాకా ఈ జబ్బు ఉండొచ్చని, అందరికీ టెస్టు చేయించమని విశాఖ డాక్టరు గారు చెప్పారు. మా అమ్మకి, తమ్ముడికి, మా అబ్బాయికి లేదు. అమ్మాయికి పరీక్షలని వాయిదా వేశాం. వచ్చే బుధవారం రక్తం ఇవ్వాలి. ఈమధ్య దానికీ నోట్లో పుళ్లు వస్తున్నాయి. "నేను కూడా ఇప్పట్నుంచే మానేస్తానమ్మా" అంటోంది. వద్దన్నాను. బుధవారం దాకా దాని డబ్బాలో రోజూ రెండు చపాతీలు నేనే పెడుతున్నాను.