బెంగళూరులో తెలుగు పాడ్‌కాస్ట్: మైకు కంటే ముందు వినేవాళ్లు

బెంగళూరులో ఉండి తెలుగు పాడ్‌కాస్ట్ మొదలుపెడదామనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఏ మైకు కొనాలని. దానికీ వద్దాం. అంతకంటే ముందు, వినేది ఎవరో తేల్చుకోవాలి. ఇక్కడి తెలుగువాళ్లంతా ఒకే రకం కాదు. మారతహళ్లి, మహదేవపుర, బెళ్లందూరు వైపు పీజీల్లో, అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలకని వచ్చినవాళ్లు. వాళ్లు తెలుగు చదువుతారు, పండక్కి ఊరెళ్తారు. తరాలుగా ఇక్కడే స్థిరపడిన కుటుంబాల సంగతి వేరు. ఇంట్లో మాట తెలుగే, బడి చదువు మాత్రం కన్నడంలోనో ఇంగ్లీషులోనో సాగింది. వాళ్లలో చాలామందికి తెలుగు వింటే హాయిగా అర్థమవుతుంది, చదవడమే రాదు. ఎంత బాగా రాసిన పోస్టయినా వాళ్ల గుమ్మం దాటి లోపలికి వెళ్లదు. అదే సంగతి గొంతుతో చెబితే ఇంట్లో అవ్వ దాకా చేరుతుంది. ఈ ఊళ్లో తెలుగు ఆడియోకి ఇంత చోటు ఉందని నేను గట్టిగా నమ్మేది ఇందుకే.

రెండో రకంవాళ్ల కోసం చేసే పోస్టర్‌లో అవే తెలుగు మాటల్ని కింద కన్నడ అక్షరాల్లో ఇంకో వరుస వేయండి. అనువాదం అక్కర్లేదు, లిపి మారిస్తే చాలు. ఆంధ్రా మెస్సు కౌంటరు పక్కన, వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి లాంటి చోట్ల, అడిగి అంటించండి. క్యూఆర్ కోడ్ పెడితే, ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు వెడల్పు ఉండాలి. మీటరు దూరానికి 10 సెంటీమీటర్లన్నమాట. కోడ్ చుట్టూ తెల్ల అంచు వదలకుండా డిజైన్‌లో ఇరికిస్తే చాలా ఫోన్లు పట్టుకోవు.

ఎపిసోడ్ ఎంతసేపు ఉండాలన్నది వినే చోటును బట్టి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు క్యాబ్‌లో కూర్చున్న మనిషికి అరగంట సరిపోతుంది. శుక్రవారం రాత్రి మడివాళలోనో మారతహళ్లిలోనో అనంతపురం, కడప, తిరుపతి బస్సులెక్కేవాళ్లది వేరే లెక్క. వాళ్లకు ముప్పావుగంటయినా పరవాలేదు, కాకపోతే దారిలో సిగ్నల్ నిలకడగా ఉండదు. బస్సెక్కే ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి కాబట్టి ఎపిసోడ్ గురువారం సాయంత్రానికే పెట్టేయండి. ఫైలు సైజు కూడా చూసుకోండి. అరగంట ఎపిసోడ్ 128 కేబీపీఎస్‌లో (సెకనుకు ఎంత డేటా పడుతుందో చెప్పే అంకె ఇది) దాదాపు 29 ఎంబీ, 64 కేబీపీఎస్ మోనోలో, అంటే ఒకే చానెల్ ఫైలులో, 14 ఎంబీ పైచిలుకు. ఒకే గొంతు మాట్లాడే కార్యక్రమానికి 64 మోనో చాలు. సంగీతం ఉంటేనే 128.

ఇక మైకు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లేటప్పుడు మీ ఫోనూ ల్యాప్‌టాపూ వెంట తీసుకెళ్లి, అక్కడే పెట్టి రికార్డు చేసి విని కొనండి. కాలర్ మైకు జాక్ మీద నల్ల గీతలు రెండుంటే అది కెమెరాకి, మూడుంటే ఫోనుకి. ఇది చూసుకోకపోతే ఫోను ఆ మైకును గుర్తించదు. తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటుంది, ఆ సంగతి మీకు ఇంటికొచ్చాక గానీ తెలియదు. డెస్కు మీద పెట్టేదైతే, ప్రత్యేకంగా సిద్ధం చేయని గదిలో కండెన్సర్ (దూరపు చప్పుడూ పట్టే రకం) కంటే డైనమిక్ (దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టే రకం) మైకే మేలు. దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుంటాం కాబట్టి గది చప్పుడు తక్కువ పడుతుంది.

గది విషయంలో చాలామంది పొరపడే చోటు ఒకటుంది. టైల్స్ నేల, ఖాళీ గోడలు, గాజు కిటికీలు కలిసి గొంతును బావిలోంచి వచ్చినట్టు చేస్తాయి. అప్పుడు మైకు వెనక గోడకు దుప్పట్లు కడుతుంటారు. కార్డియాయిడ్ మైకు తన ముందున్నదాన్ని పడుతుంది. దాని ముందు ఉన్నది మీరు, మీ వెనకున్న గోడ. కాబట్టి మెత్తటి సరుకు మొట్టమొదట ఉండాల్సింది మీ వీపు వెనక. బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి కూర్చోండి. కోడిగుడ్ల అట్టలు అంటిస్తే గొంతులోని బరువైన శబ్దాలు ఏమాత్రం తగ్గవు, డబ్బులు దండగ.

మైకుకూ నోటికీ మధ్య నాలుగు వేళ్ల నుంచి జానెడు దాకా ఉండొచ్చు. తిన్నగా నోటి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు పెట్టి, నోటి వైపు తిప్పండి. లేకపోతే ప, ఫ, భ దగ్గర ఊపిరి మైకును గుద్ది ‘బుఫ్’మంటుంది. తర్వాత ఎడిటింగ్‌లో దాన్ని పూర్తిగా తీయలేం. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. సన్నగా ‘మ్‌మ్’మని హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జరు పీకి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ హమ్ 50, 100, 150 దగ్గర కూర్చుంటుంది. చార్జరు తీస్తే చాలాసార్లు అక్కడికక్కడే పోతుంది. వాటర్ ట్యాంకరు మోటారు, హెచ్‌ఏఎల్ వైపు ఉండేవాళ్లకు విమానాల మోత: వీటికి ఏ ఫిల్టరూ పనిచేయదు, ఆగి మళ్లీ చెప్పడమే. రికార్డింగ్ సెట్టింగుల్లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. గట్టిగా పలికిన మాట కూడా రికార్డింగ్ మీటరు మీద మైనస్ 6 డెసిబెల్ దాటకూడదు. చివర్లో పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు మాత్రమే రికార్డు చేసి ఉంచుకోండి. మాటల మధ్య కోసిన చోట ఉత్త నిశ్శబ్దం పెడితే చెవికి గుంటలో పడ్డట్టుంటుంది. ఈ పది సెకన్ల ముక్కతో ఆ ఖాళీలు నింపొచ్చు.

శబ్దం స్థాయిని కంటితో, అంటే వేవ్‌ఫామ్ ఎత్తు చూసి, నిర్ణయించకండి. చెవికి మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలమానం ఎల్‌యూఎఫ్‌ఎస్. యాపిల్ పాడ్‌కాస్ట్స్ అడిగేది మైనస్ 16కు దగ్గరగా, ట్రూ పీక్ (శబ్దం చేరే అత్యధిక స్థాయి) మైనస్ 1 దాటకుండా. స్పాటిఫై, యూట్యూబ్ మైనస్ 14 ప్రాంతంలో సర్దుతాయి. ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అనే ఎఫెక్ట్ ఉంది, మైనస్ 16 ఇచ్చి నడిపితే చాలు. మోనో ఫైలైతే, మోనోను డ్యూయల్ మోనోగా (రెండు చెవుల్లోనూ అదే శబ్దంగా) లెక్కించే టిక్కు ఉందో లేదో చూడండి. లేకపోతే 3 డెసిబెల్ తేడా వస్తుంది. మీ ఎపిసోడ్ శబ్దం తక్కువగా ఉండి, ముందు విన్న పాట గట్టిగా ఉంటే, బస్సులో ఉన్నవాళ్లు వాల్యూమ్ పెంచరు, పక్కదానికి వెళ్లిపోతారు.

యూట్యూబ్‌లో కూడా పెడుతుంటే థంబ్‌నెయిల్‌లో తెలుగు అక్షరాల విషయం చాలా జాగ్రత్త. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కి మార్చండి. రెండు వరుసలు రాస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు, ఒకటిన్నర రెట్లు పెట్టండి. అసలు నాలుగు మాటలకు మించి వద్దు. సబ్‌టైటిల్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలి. ఏఎన్‌ఎస్‌ఐ ఉంటే అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి.

ఇప్పుడు అసలు కష్టం: నలుగురికీ చేరడం. మన దగ్గర ఆ పని ఎక్కువగా వాట్సాప్ చేస్తుంది. ఫార్వర్డ్ అయిన మెసేజ్ మీద దాన్ని మొదట రాసి పంపినవాళ్ల పేరు ఉండదు. మీరు పంపింది మూడు చేతులు మారేసరికి అనాథ. అందుకని మెసేజ్ దానంతటదే నిలబడేలా రాయాలి. ఉదాహరణకు, ‘ఊరి బావి, 7వ భాగం: మెట్ల బావులు ఎందుకు పూడిపోయాయి? 28 నిమిషాలు. బావులు తవ్విన పెద్దాయన మాటలు 6వ నిమిషం నుంచి.’ దాని కింద లింకు, అంతే. ‘తప్పక వినండి, షేర్ చేయండి’ అన్న మాటలు తీసేయండి. ఆ చోటు నిడివికీ నిమిషానికీ ఇవ్వండి, వినాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు. తెలుగు చదవలేనివాళ్లకు 40 సెకన్ల వాయిస్ ముక్క జత చేయండి. అందులోనూ కార్యక్రమం పేరు మొదట్లోనే పలకాలి.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చొచ్చు. కానీ మీ నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ వెళ్తుంది. లిస్టులో చేర్చేటప్పుడే నంబరు సేవ్ చేసుకోమని అడగండి. చాలాసార్లు ఫార్వర్డ్ అయినట్టు గుర్తు పడ్డ మెసేజ్‌ను 2020 నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. కాబట్టి ఒకే మెసేజ్ ఊరంతా తిరుగుతుందని లెక్కేసుకోవద్దు. ఏ గ్రూపుకు ఆ గ్రూపుకు కొత్తగా రాసి పంపడమే మంచిది. కాలనీ గ్రూపుకు రాసిన మాట ఆఫీసు గ్రూపుకు పనికిరాదు కూడా.

అంకెల్లో రెండే చూడండి. 30వ సెకను దగ్గర ఎంత శాతం మంది మిగిలారు, ఏ ఊళ్ల నుంచి వింటున్నారు. మొదటిది పడిపోతే మీ స్వాగత వాక్యాలు పొడవయ్యాయని అర్థం. ఎపిసోడ్‌లో నేరుగా విషయంలోకి వెళ్లి, పేరు తర్వాత చెప్పండి. సినిమా పాట నేపథ్యంగా వాడకండి, యూట్యూబ్‌లో హక్కుదారులు క్లెయిమ్ వేస్తే ఆ వీడియో ఆదాయం వాళ్లకు పోతుంది. కథలు చదివి వినిపించేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు వారసులదే. 1964లో పోయిన రచయిత కథలు 2025 నుంచి గానీ స్వేచ్ఛగా చదవలేం.

చివరగా, వినేవాళ్లను ఒక్క యాప్‌లోనే ఉంచేయకండి. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధంతో దేశంలో దాని మీదే ఆధారపడ్డవాళ్ల ఫాలోయర్లంతా ఒక్కసారిగా చేజారారు. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడ్డప్పుడు మాత్రం ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ (ఎపిసోడ్ల జాబితాను అన్ని యాప్‌లకూ అందించే లింకు) ఉన్నవాళ్ల కార్యక్రమాలు మిగతా యాప్‌లలో యథాతథంగా నడిచాయి. హోస్టింగ్, అంటే ఎపిసోడ్ ఫైళ్లు ఉంచే సర్వీసు, మారాల్సి వస్తే పాత చోటు నుంచి కొత్త ఫీడ్‌కి 301 రీడైరెక్ట్ (చిరునామా శాశ్వతంగా మారిందని యాప్‌లకు చెప్పే సూచన) పెట్టించి, కనీసం నాలుగు వారాలు ఉంచండి. ముందే తీసేస్తే సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లకు కొత్త ఎపిసోడ్లు ఆగిపోతాయి. ఫీడ్‌లో ఇచ్చే ఈమెయిల్ మీ సొంతదై ఉండాలి, ఆఫీసుది కాదు. కార్యక్రమం మీదేనని యాప్‌లు నిర్ధారించుకునే కోడ్ దానికే వస్తుంది.